అంచున నిలబడ్డాయన

“కాస్త నవ్వండి సార్! వచ్చింది పతకాలండీ, జరిమానాలు కాదు.”

బతిమాలి బతిమాలి ఫోటోగ్రాఫర్ తలప్రాణం తోకకొచ్చింది.

ముప్పయ్యేళ్ళు మచ్చ లేకుండా పనిచేసినందుకు ఆ ఉదయమే పతకాలు అందుకున్న పోలీసు అధికారులు వాళ్ళు. మైదానంలో రెండు వరుసల్లో నిలబడ్డారు. ఈమధ్యే బదిలీ మీద వచ్చిన పెద్దసారు ముందు కుర్చీలో కూర్చోగానే ఎవరో “అటెన్షన్” అన్నారు. అంతే, అందరూ బిగుసుకుపోయారు.

ఈ ఫోటో ప్రధాన కార్యాలయం గోడకెక్కుతుంది. బాగా వస్తే పోలీసుల ఫోటోలన్నీ ఇక తన దుకాణానికే. చెడిందా, మళ్ళీ ఈ గేటు తొక్కనివ్వరు.

ఉన్నట్టుండి రెండు వరుసలూ ఒక్కసారిగా నవ్వాయి.

తన జోకు ఇప్పటికి ఎక్కిందనుకుని టక్కున నొక్కాడు. కెమెరా దించాక కనిపించాడు, వరుస చివర చేతికర్రతో ఓ ముసలాయన. వెలిసిపోయిన చొక్కా, రబ్బరు చెప్పులు. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో!

“ఓ పెద్దాయనా! ఇది పతకాలొచ్చినవాళ్ళ ఫోటో. నీకేమన్నా వచ్చిందా?”

“నాకెందుకొస్తుంది నాయనా! వీళ్ళతో ఒక్కటి దిగుదామని...”

“పెళ్ళి ఫోటో అనుకున్నావా, దారినపోయేవాళ్ళంతా దూరడానికి? జరుగు జరుగు. పెద్దసారుకి టైమైపోతోంది.”

పెద్దసారు గడియారం చూసుకున్నాడు. వరుసలో ఎవరూ కిమ్మనలేదు. ఆ మౌనం చూసి ఫోటోగ్రాఫర్‌కి మరింత ధైర్యం వచ్చింది. వెళ్ళి ముసలాయన భుజం పట్టుకుని పక్కకి నడిపించాడు.

ముసలాయన ఆగి, వరుసను ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఓసారి చూశాడు. ఏం చూశాడో ఏమో, ముఖం వెలిగిపోయింది.

“బాగా నిలబడ్డారు. వాళ్ళనేం కదపకు నాయనా,” అని కర్ర ఊతంగా గేటు వైపు వెళ్ళిపోయాడు.

ఫోటోగ్రాఫర్ గబగబా మరికొన్ని తీశాడు. పెద్దసారు కారు కదిలిందో లేదో, పతకాలవాళ్ళంతా టోపీలు చేత్తో పట్టుకుని గేటు వైపు పరుగందుకున్నారు.

“పాపం, ఆకలి దంచేస్తున్నట్టుంది,” అని నవ్వుకుంటూ అతను సామాను సర్దుకున్నాడు.

దుకాణానికొచ్చి చూసుకుంటే ఏముంది! తర్వాత తీసినవాటిలో ఒక్కటీ పనికిరాదు. తలలు నిటారుగానే ఉన్నాయి. కళ్ళు మాత్రం అందరివీ గేటు వైపే. మొదటిదొక్కటే నిండుగా, నవ్వుతూ ఉంది, చివర ముసలాయనతో సహా.

“ఉండనివ్వండి. ఆయనతోనే అందంగా ఉంది,” అంది భార్య, భుజం మీంచి తొంగిచూసి.

“నీకు తెలీదు, ఊరుకో.”

ముసలాయన్ని కత్తిరించేశాడు. మిగిలింది పెద్ద సైజులో అచ్చువేసి పంపాడు. అసలుది చెరిపేసి కార్డు ఖాళీ చేసుకున్నాడు.

వారం తిరక్కుండానే ఓ పోలీసు అధికారిణి ఫోటో పట్టుకుని దుకాణానికి వచ్చింది. ఆ రోజు ముసలాయన పక్కనే నిలబడినావిడ.

“ఈ అంచున ఒకాయన ఉండాలే?”

“ఎవరో దూరితే తీసేశాను మేడమ్. ఆనవాలు కూడా లేదు చూడండి,” అన్నాడు గర్వంగా.

“అసలుది ఉందా?”

“చెరిపేశానండీ.”

ఆవిడ దొరికిన స్టూలు మీద అలా కూలబడిపోయింది.

“పొద్దున పోయారాయన. ఇంట్లో ఎంత వెతికినా ఒక్క ఫోటో లేదు. ఆ రోజు మేం పిలిస్తేనే వచ్చారు. గేటు దాకా పరిగెత్తాం కానీ, అప్పటికే బస్సెక్కేశారు. నీ దగ్గరుంటుందని ఆశపడి వచ్చాను.”

ఫోటోగ్రాఫర్ గబగబా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కంప్యూటరంతా గాలించాడు. ఆ కార్డు మీద ఈపాటికి ఓ పెళ్ళి, రెండు పుట్టినరోజులు ఎక్కేశాయి. ఇంకెక్కడుంటుంది! కనీసం భార్య మాటైనా విన్నాడు కాదు.

“అంత కావలసినాయనైతే ఒక్కరైనా నోరు విప్పలేదేం మేడమ్? వద్దని ఒక్క మాటంటే, కాళ్ళు పట్టుకునైనా ఆయన్ని నిలబెట్టేవాణ్ణి కదా!”

ఆవిడ ఫోటో అంచున మిగిలిపోయిన చేతికర్ర కొనను వేలితో తడిమింది.

“అటెన్షన్‌లో నిలబడ్డాక పక్కన పిడుగు పడ్డా కదలకూడదు, పలకకూడదు అని ఉద్యోగంలో చేరిన మొదటిరోజే మాకు నేర్పింది ఆయనేనయ్యా.”