ఒక గ్లాసు సేపు

"మింగకండి! ఉమ్మేయండి," అన్నాడు డెంటిస్టు.

కొత్తాయన తడబడుతూ తొట్టి మీదికి వంగాడు. ఆదివారాలు క్లినిక్కుకు సెలవు. రుచి చూసిన వైను ఉమ్మేయడానికి, రోగులు నోరు పుక్కిలించే ఆ తెల్లని తొట్టి పనికొస్తుందనే వైను మిత్రులు అక్కడ చేరేవారు.

"ఇప్పుడు చెప్పండి. ఏం తగిలింది?"

"పుల్లగా ఉంది."

కొట్లకు వైను సరఫరా చేసే డిస్ట్రిబ్యూటరమ్మ పకపకా నవ్వింది. "నిమ్మకాయా పుల్లగానే ఉంటుంది బాబాయిగారూ!"

కొత్తాయన నొచ్చుకోలేదు. జీవితమంతా గడియారాలు బాగుచేసి, చూపు మందగించాక కొట్టు మూసిన మనిషి. గ్లాసును ఇప్పటికీ గడియారపు పళ్లచక్రంలా కంటికి మరీ దగ్గరగా పెట్టుకుంటాడు.

"ఇంత ఆలస్యంగా ఈ పిచ్చి ఎలా పట్టింది మీకు? ఇంట్లో ఎవరికీ అలవాటు లేదా?" అని అడిగాడు డెంటిస్టు.

"ఉంది. నేనే పట్టించుకోలేదు. రుచి చూడమంటే పనుందని తప్పించుకునేవాణ్ణి."

ఆయన ఈ బృందంలో చేరింది ఒకే ఒక్క కోరికతో. కొండవాలున ఉన్న వైనరీలో, వచ్చినవారికి స్వయంగా వైను పోసే యజమానురాలు తనతో కాసేపు కూర్చుని మాట్లాడాలి. అంతే.

"ఆవిడా! వదిలేయండి," అంది డిస్ట్రిబ్యూటరమ్మ. "ఆ సరుకు కొట్లకు వేద్దామని ఎన్నిసార్లు తిరిగానో! వెళ్లినప్పుడల్లా కొత్తగా చూసినట్టు 'ఎవరు మీరు?' అంటుంది. ఎంత పొగరో చూడండి. ఒక గ్లాసు సేపు నిలబెట్టి, బేరాలు కౌంటరులో అమ్మాయితో మాట్లాడుకోమని పంపేస్తుంది."

"కూర్చుని మాట్లాడినవాళ్లే లేరా?" కొత్తాయన గొంతులో ఆత్రం దాగలేదు.

"నాతో కూర్చుంది," అన్నాడు డెంటిస్టు. "వైను గురించి సరైన మాట ఒక్కటి పడాలి. వెంటనే స్టూలు లాక్కుంటుంది."

"ఆ మాటేదో నాకూ నేర్పండి."

"కొంపదీసి ప్రేమలో పడ్డారా ఏమిటి?" అంది డిస్ట్రిబ్యూటరమ్మ.

కొత్తాయన చెవులు ఎర్రబడ్డాయి. కాదనలేదు.

డెంటిస్టు నవ్వాపుకుని చెప్పసాగాడు. "సాయంత్రం, జనం పలచబడ్డాక వెళ్లండి. సెంటు పూసుకోకండి. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి రంగు చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, పుస్తకాల మాటలు వల్లించకండి. మీకేం గుర్తొస్తే అదే చెప్పండి. కొండ దారి మలుపుల మయం, తెలుసా?"

"తెలుసు."

మర్నాటి సాయంత్రం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, వైనరీలో చివరి బల్ల దగ్గర నిలుచున్నాడు. కౌంటరులో అమ్మాయి పక్కగా వచ్చి, "ఇవాళ అమ్మగారు హుషారుగా ఉన్నారు," అని గుసగుసలాడి తప్పుకుంది.

యజమానురాలు సీసా మెడ తుడిచి, చుక్క ఒలకకుండా పోసింది. "మొదటిసారా రావడం?"

"వైను కోసమైతే మొదటిసారేనండి."

ఆయన రంగు చూశాడు. వాసన పీల్చాడు. నోట్లో పోసుకున్నాడు. ఉమ్మడానికి తొట్టి పక్కనే ఉన్నా మనసొప్పక మింగేశాడు. దాంతోపాటు నేర్చుకున్న పాఠాలన్నీ మాయమయ్యాయి.

"వానలో రైలు కిటికీ," అన్నాడు. "తడిసిన ఇనుప ఊచ. దానికి చెంప ఆనించుకుని, ఎవరో కమలాపండు ఒలుస్తున్నారు."

ఆవిడ చేతిలో సీసా ఆగిపోయింది. తన గ్లాసులో కొంచెం పోసుకుని, కళ్లు మూసుకుని చప్పరించింది.

"అవును. ముందు ఇనుము. తరవాత కమలా తొక్క," అంది నెమ్మదిగా. "ఆ రైలు నాకూ తెలిసినట్టే ఉందండీ. ఎక్కడో..."

కాలితో స్టూలు లాక్కుని కూర్చుంది.

ఇంకో సీసా తెరిచింది. తొలి కోతలు, పీపాల చెక్క, ఒక ఏడు తోటను కొట్టేసిన వడగళ్లు, ఇలా చెప్పుకుపోయింది. ఆయన రెప్ప వేయకుండా విన్నాడు. గోడ గడియారం వెనకబడి నడుస్తున్నా దాని వంక చూడలేదు.

"మంచి నాలుకండీ మీది," అంది ఆవిడ లేస్తూ. "మీ ఇంట్లోవాళ్లు అదృష్టవంతులు. మళ్లీ రండి."

"రేపే వస్తాను."

"ఇంతకీ మీ పేరు?"

"రేపు చెబుతాను లెండి."

కౌంటరు అమ్మాయి దీపాలు తగ్గించి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆయన లోపలినుంచి గడియ పెట్టి, తనెవరో గుర్తులేని భార్యను చెయ్యి పట్టుకుని మేడమీది తమ ఇంటికి నడిపించాడు.