సర్వసైన్యాధ్యక్షుడి సంతకం

భర్త చొక్కా చేతికంటిన నీలం సిరాను ఆమె సబ్బు పెట్టి రుద్దుతోంది. యుద్ధంలో కొడుకు పోయి వారమైంది. సంతాప లేఖ ఆ పొద్దున్నే వచ్చింది.

"సాక్షాత్తూ సర్వసైన్యాధ్యక్షుడే సంతకం పెట్టాడు. మనవాడి పేరు చదివే ఉంటాడు. అది చాలండీ."

"ఆయన చూడనైనా చూడడే, పిచ్చిదానా! ఆ సంతకం ముద్ర కొట్టేది మా ఆఫీసులో నేనే. ముందు ఖాళీ కాగితాల మీద కొట్టేస్తాను. పేర్లు తర్వాత ఎక్కిస్తారు."

ఆమె చెయ్యి ఆగలేదు.

"మరి వీడిదెప్పుడు కొట్టారు?"

"సంతకం తోక విరిగింది చూడు, పాత ముద్ర. పోయిన నెల కట్టలోది."

"పోయిన నెల వాడు బతికే ఉన్నాడు కదండీ."

మరక ఇంకా పోలేదు. అతను ఆమె చేతిలోంచి చొక్కా తీసుకుని, తడిదే తొడుక్కుని ఆఫీసుకి వెళ్లిపోయాడు.