అద్దాల బీరువా

"నా బూట్లేడ దాచినవ్? మడత పడ్తయ్!" బాసికంతోనే పీటల మీంచి లేచొచ్చాడు పెళ్లికొడుకు ఇంద్రసేన. నారాయణగూడ ఫంక్షన్ హాలంతా నోరు తెరిచింది.

పట్టుపంచె కింద స్నీకర్లు తొడుక్కొచ్చిన ఘనుడాయన. మండపం ముందు విప్పగానే మరదలి హక్కుగా నేనే దాచాను.

"ఆట పట్టించినం బావా! కానుకిచ్చి తీసుకోవాలె," అన్నాను.

"ఇదేం ఆట? లిమిటెడ్ ఎడిషన్ అవి. రోడ్డు మీద ఎన్నడూ తొడగలే. ఇంట్ల అద్దాల బీరువాల పెడ్త. దుమ్ము గూడ తగలనియ్య!"

అడ్డుతెర అవతల జీలకర్రబెల్లం పట్టుకుని కూర్చున్న నవతక్క తలెత్తింది. నిశ్చితార్థం నాడు ఈయన "నౌకరీ మానెయ్, రాణి లెక్క చూసుకుంట. ఎండ గూడ తగలనియ్య," అని అక్కతో అంటే మేమంతా మురిసిపోయాం. అక్క కూడా.

"ఇచ్చెయ్‌వే," అంది అక్క.

ఇచ్చాను. కొత్త కండువాతో వాటిని తుడవసాగాడు మహానుభావుడు.

అక్క జీలకర్రబెల్లం పళ్లెంలో పెట్టి లేచింది.

"నాయినా, సోమవారం నేను డ్యూటీకి పోత. ఆ బీరువాల ఉండుడు నాతోని కాదు."

హాలంతా అక్క వైపు తిరిగింది. పెళ్లికొడుక్కి మాత్రం వినపడలేదు. ఎడమ బూటు మీద గీత పడిందేమోనని లైటు కింద పెట్టి చూసుకుంటున్నాడు.