వంద వయొలిన్ల పాట

"ఛీ, ఇదేం సంగీతంరా! వంద వయొలిన్లు ఒకేసారి ఏడుస్తున్నట్టుంది," అంటూ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేశాను.

నా మేనల్లుడి కంపెనీ చేస్తున్న కొత్త వీడియో గేమ్‌ది ఆ సంగీతం.

"మా కాలంలో కంప్యూటర్ ఒకేసారి పలికేది మూడంటే మూడు బీప్‌లు. వాటితోనే నేను కట్టిన గేమ్ పాట పిల్లల నోళ్లలో నానేది. దీంట్లో కూనిరాగం తీయడానికి ఒక్క వరసైనా ఉందా? ఏ తలమాసినవాడు కట్టాడు?"

వాడి మొహం మాడిపోయింది.

"మీరే, మామయ్యా. అది మీ పాటే. మీరు సంతోషిస్తారని వంద మందితో వాయింపించాం. ఒక్క స్వరం కూడా మార్చలేదు."

మళ్లీ పెట్టమన్నాను. నాలుగుసార్లు విన్నాను. నా పాట నాకు దొరకలేదు.

"ఛీ," అన్నాను.

ఈసారి ఎవరిని అన్నానో వాడు అడగలేదు.