సోమ్లి వేలిముద్ర

పరదేశం పోయే తప్సి చెట్టు బంక ఏ తండాది, ఎవరు తెచ్చిండ్రు, అన్నీ రిజిస్టర్ల రాసి వేలిముద్ర తీసుకోవాలె. ఈసారి సరుకు ఎక్కడిదో మాకే తెల్వదు. "ఏదో పేరు రాయి అంతోనయ్యా" అని నాతోని అన్నడు మేనేజర్. అడగనీకి రాదు గదా అని, పోయిన వానకాలం గోదావరిల కొట్టుకపోయిన, మాకు బంక తెచ్చే సోమ్లి పేరు రాసిన. నా బొటనవేలే అద్దిన.

పొద్దుగూకినంక పగటి వాచ్‌మన్ దేవ్‌సింగ్ ఇంటికి పోతూ రిజిస్టర్ చూసి ఆగిండు.

"సోమ్లి ముద్ర ఏడికెళ్లి వచ్చింది సారూ? ఆమె వేలికి కత్తి గాటు గిట్లనే అడ్డంగ ఉండె."

రిజిస్టర్ నా దిక్కు గుంజుకున్న. వాడు పోయిండు.

పర్ణశాల దారిల ఉన్న మా గోదాముల నేనొక్కణ్ణే మిగిలిన. చుట్టూ అడవి, ఎక్కడా దీపం లేదు. లాంతరు దగ్గరికి జరిపి చూసిన. నిజమే, ముద్రల అడ్డంగ తెల్లటి గీత ఉంది. నా వేలు చూసుకున్న. నున్నగ ఉంది. మళ్లీ సిరా రాసి, ఖాళీ కాయితం మీద మెల్లగ అద్దిన.

గీత పడ్డది.

బయట అరుగు మీద ఎవరో బస్తా దించి, ఉస్సురన్నరు.