పెద్ద ఉస్తాద్ చాయ్

రండి, దగ్గరికి జరగండి. ఆ ముచ్చట్లు తర్వాత చెప్పుకోవచ్చు. పల్లీలు నమిలేవాళ్లు కూడా చప్పుడు లేకుండా నమలండి.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజుల మాట. సికింద్రాబాద్ పక్కన నేరేడ్‌మెట్‌లో నరసరాజు అని ఒక మెకానిక్ ఉండేవాడు. మల్కాజ్‌గిరిలో బండి దగ్గితే ఇక్కడ కూర్చుని మందు చెప్పేవాడు.

అంతటివాడిని ఒక కారు మూడు చెరువుల నీళ్లు తాగించింది.

అది జకర్యా మాస్టారిది. చిన్నప్పుడే పోలియోతో ఆయన ఎడమకాలు చచ్చుబడింది. క్లచ్ తొక్కలేరు. అందుకే గేర్లు వాటంతటవే పడే ఆటోమేటిక్ కారు కొన్నారు. భార్య డోరాను మంగళవారం, శుక్రవారం డయాలసిస్‌కు అందులోనే తీసుకెళ్లేవారు. ఆటో కుదుపులు ఆమె ఒంటికి పడవు.

ఆ కారు ఉన్నట్టుండి దారి మధ్యలో ఒకే గేరులో బిగుసుకుపోయేది. షెడ్డుకు తెస్తే బుద్ధిగా నడిచేది.

నరసరాజు ఆయిలు మార్చాడు, సెన్సార్లు మార్చాడు, బ్యాటరీ మార్చాడు. తానే నడుపుకుంటూ కీసర దాకా పోయి వచ్చాడు. ఒక్కసారి కూడా మొరాయించలేదు.

“నేను ఎక్కితేనే ఆగుతుంది. దోషం నాలోనే ఉంది. ఇంక ఎక్కను,” అంది డోరా.

ఒక మంగళవారం తప్పింది. ఆమె ముఖం ఉబ్బింది. శుక్రవారం కూడా తప్పితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పాడు.

గురువారం పొద్దున మాస్టారు కారు తెచ్చి షెడ్డులో బెంచీ మీద కూలబడ్డారు. అప్పుడే ఒక ముసలాయన లోపలికొచ్చాడు. మాసిన చొక్కా, దారంతో కట్టిన కళ్లద్దాలు. టూల్‌బాక్సు మీద పొగలు కక్కుతున్న గ్లాసు వైపు చెయ్యి చాచాడు.

“ముట్టకు తాతా,” అన్నాడు నరసరాజు. “అది మా పెద్ద ఉస్తాద్ చాయ్.”

“ఏడీ ఆయన?”

“ఏమో. మా మధుసూదన్ ఉస్తాద్‌కు పని నేర్పినాయన. ఎన్నడో ఊరిడిసి పోయిండట. ఎప్పుడన్న వస్తడు, పొద్దుగాల మొదటి చాయ్ ఆయనకే పెట్టుమని మా ఉస్తాద్ పోయేటప్పుడు చెప్పిండు.”

గోడ మీద దండ వేసిన మధుసూదన్ ఫోటో వైపు ముసలాయన చాలాసేపు చూశాడు.

“వస్తే గుర్తుపడ్తవా?”

“మొఖం ఎన్నడు చూడలే. చేతిపని చూస్తే పడ్తా. వైరుకు టేపు చుట్టి కొసను మేకచెవి లెక్క మడుస్తడు, రేపు విప్పెటోనికి తక్లీఫ్ కావద్దని. ఈ దునియాల ఆ తీరు ఆయనకు, మా ఉస్తాద్‌కు, నాకు తప్ప ఎవ్వరికి రాదు.”

చల్లారాక ఆ చాయ్ వీధికుక్క తాగేది. మూడేళ్లుగా దాని ఉద్యోగం అదే. పాలు తక్కువైతే మూతి తిప్పుకునేదని ఎదుటి చాయ్ బండి రోసమ్మ ఒట్టేసి చెప్పేది.

ముసలాయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. మాస్టారి దగ్గరికొచ్చాడు.

“అమ్మ ముందు సీట్ల కూసుంటదా సార్?”

“అవునండి. మోకాళ్లు మడవలేదు. సీటు పూర్తిగా వెనక్కి జరుపుతానండి.”

“మీరొక్కరే పోతే?”

“మళ్లీ ముందుకు లాగేస్తానండి, వెనక సామాన్లు పెట్టుకోవాలి గదా.”

నరసరాజు పగలబడి నవ్వాడు. “గేరు ఖరాబైతే సీటు సంగతి అడుగుతవేంది తాతా? పన్ను నొస్తుందంటే చెప్పులు విప్పమన్నట్టుంది.”

మధ్యాహ్నం నరసరాజు అన్నం తిని వచ్చేసరికి ముసలాయన ఆ ముందు సీటు కింద సగం దూరి ఉన్నాడు. పక్కన కోసిన తీగ ముక్క.

ఆ రోజుల్లో ఆ వీధిలో రాగి తీగ దొంగల బెడద ఎక్కువ.

నరసరాజు ఇంకేమీ అడగలేదు. కాలరు పట్టి బయటికి ఈడ్చాడు. కళ్లద్దాలు పడి పగిలాయి.

“జెర ఆ సీటు కింద చూడు బిడ్డా,” అన్నాడు ముసలాయన.

“ఏం మిగిల్చినవని చూడాలె? నడువ్.”

ముసలాయన అద్దం ముక్కలు ఏరుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం మాస్టారు డోరాను బతిమాలి ఎక్కించారు. సీటు వెనక్కి జరిపారు. కారు ఆగలేదు. మంగళవారమూ ఆగలేదు.

“బ్యాటరీ మార్చిన గదా, ఆ గుణం జెర ఆలస్యంగ తెలుస్తది,” అని నరసరాజు కాలరు ఎగరేశాడు.

నెల తర్వాత డోరా తానే కేకు పట్టుకుని వచ్చింది. ముఖం తేటగా ఉంది. దిగుతుంటే మందుల చీటీ సీటు కిందికి జారింది. నరసరాజు లైటు వేసి వంగాడు.

గేరుబాక్సుకు పోయే వైరు. సీటు వెనక్కి జరిగినప్పుడల్లా దాని పట్టా కింద నలిగిన వైరు. ఎవరో దాన్ని అతికించి, పక్కకు తప్పించి, టేపు చుట్టారు.

టేపు కొస మేకచెవిలా మడిచి ఉంది.

కేకు అక్కడే ఉండిపోయింది. నరసరాజు వీధులన్నీ వెతికాడు. చివరికి ఒక చర్చి వాచ్‌మన్ యేసురాజు చెప్పాడు.

“లూకా తాతనా? మా చర్చి అరుగు మీదనే పండుకునెటోడు. పోయిన ఆదివారం కన్నుమూసిండు. మేమే మట్టి చేసినం.”

“నా మీద కోపం చేసిండా?”

“కోపమేంది అన్నా? రోజు పొద్దుగాల మీ షెడ్డుకు ఎదురుంగ దూరంగ నిలబడి చూసొచ్చెటోడు. ‘ఇయ్యాల గూడ నాకు చాయ్ పెట్టిండు’ అని మురిసెటోడు.”

నరసరాజు షెడ్డుకు తిరిగొచ్చి టూల్‌బాక్సు ముందు కూర్చున్నాడు. గ్లాసు ఖాళీగా ఉంది. కుక్క మూతి నాకుతోంది. చుట్టూ జనం మూగారు.

రోసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఊకో రాజన్నా. మూడేండ్ల సంది ఆయన చాయంత తాగింది ఆ కుక్కే గదా. ఇగ నీకు సమజ్ కాని బండ్లు దానికే చూపియ్యి.”