విదేశీ పూత

మూడేళ్లుగా ఒకే ఒక్క పాయింటు భానుప్రసాద్‌ను ఏడిపిస్తోంది. రైఫిల్ క్లబ్ తరఫున రాష్ట్ర పోటీలకు వంద మీటర్ల విభాగంలో ఒక్కరినే పంపుతారు. మూడుసార్లూ ఆ ఒక్కడు తోటి సభ్యుడు అతీఖే అయ్యాడు. మూడుసార్లూ తేడా ఒక్క పాయింటే.

"ఈసారి గూడ ఓడితే మల్ల తుపాకి ముట్ట. ఆదివారాలు ఇంట్లనే ఉంట" అని భార్య సుమన ముందు ఒట్టు పెట్టాడు.

"రాసి పెట్టుకుంట. మర్వను" అంది సుమన. నిజంగానే క్యాలెండరు మీద రాసింది.

ఇక లాభం లేదని గురిని దగ్గరగా చూపే కొత్త స్కోపు తెప్పించాడు. సరిగ్గా పండగ ముందు రోజు వచ్చింది. పాయింట్ టూటూ రైఫిల్ మీద కూర్చోబెట్టడం వరకే అయింది. అందులోంచి గురి చూడటం పండగయ్యాక వచ్చిన ఆదివారానికి గానీ కుదరలేదు.

భానుప్రసాద్‌కు బోధన్‌లో మోటారు వైండింగ్ షాపుంది. వెంట్రుకంత రాగితీగలతో పొద్దస్తమానం కుస్తీపట్టే మనిషికి ఓపిక నేర్పాలా? వర్ని రోడ్డులో ఉన్న క్లబ్ మైదానంలో బోర్లా పడుకుని, కంటికీ స్కోపుకీ మధ్య దూరం సరిచూసుకున్నాడు. దారానికి రాయి కట్టి ఎదురుగా వేలాడదీసి, లోపలి నిలువు గీత దానికి సమంగా నిలిచేదాకా తిప్పాడు. స్క్రూలు బిగించాడు. అప్పుడు తీరిగ్గా చూసి "అబ్బ!" అన్నాడు.

లోకమంతా లేత బంగారు రంగులో ఉంది. టార్గెట్ కాగితం మీద ఎండ మిరుమిట్లు లేవు. నడుమ నల్లచుక్క ముద్ర గుద్దినట్టు కనిపిస్తోంది. అద్దాలకు ప్రత్యేకమైన పూత ఉందని డబ్బా మీద రాస్తే ఉత్త గొప్పలనుకున్నాడు. కంపెనీవాడికి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ముందు యాభై మీటర్లు. ఐదు గుండ్లు కాల్చడం, వెళ్లి కాగితం చూడటం, స్కోపు మీది మర నాలుగు టిక్కులు తిప్పడం, మళ్లీ పడుకోవడం. వంద మీటర్లకు మార్చగానే గుండ్లు జానెడు కిందికి దిగాయి. చిన్న గుండు, అంత దూరం పోయేసరికి దిగక ఏం చేస్తుంది! టిక్కులు లెక్కపెట్టి పైకి తెచ్చాడు. మధ్యాహ్నానికి ఐదు రంధ్రాలూ పది రూపాయల బిళ్ల కింద దాగేంత దగ్గరగా పడ్డాయి.

అతీఖ్ ఊరుకోలేకపోయాడు. "జర నన్ను గూడ సూడనియ్యి భానన్నా" అంటూ వచ్చి పడుకున్నాడు. "అరె! ఇందుల ఎండనే లేదు గద! గిదేం స్కోపే?"

"విదేశీ పూత భాయ్. అద్దం తాకేవు, పూత పోతది!"

క్లబ్‌లో ఎంపిక పోటీ రోజు ఎండ ఫెళ్లున కాసింది. కోతకొచ్చిన వరి మీంచి వెలుగు నేరుగా కళ్లలో గుచ్చుతోంది. అందరూ కళ్లు చిట్లించుకుంటున్నారు. అతీఖ్ గుండుకోసారి కళ్లు తుడుచుకున్నాడు. భానుప్రసాద్ మాత్రం చల్లటి నీడలో ఉన్నంత హాయిగా కాల్చాడు.

తేడా ఈసారీ ఒక్క పాయింటే. కాకపోతే అది భానుప్రసాద్ వైపు ఉంది.

"నువ్వు గెల్వలే అన్నా, నీ అద్దం గెల్సింది" అని అతీఖ్ నవ్వుతూ కావలించుకున్నాడు. అక్కడికక్కడే ఫోన్ తీసి అదే స్కోపు ఆర్డర్ పెట్టాడు. అతన్ని చూసి ఇంకో ముగ్గురు పెట్టారు.

ఇంటికొచ్చి ఖాళీ రైఫిల్‌ను బల్ల మీద ఉంచి, తల్లి అనసూయమ్మను పిలిచాడు.

"సూడవ్వా! గిసొంటి పూత మన దేశంల యాడ దొరకది."

అనసూయమ్మ ఒక కన్ను మూసుకుని చూసింది. అనుమానం వచ్చి అవతలి వైపు నుంచి స్కోపు అద్దంలోకి తొంగిచూసి, బుగ్గలు నొక్కుకుంది.

"దసర నాడు బండికి, మోటార్లకు పసుపు పెట్టుకుంట గీ అద్దానికి గూడ నేనే పూసిన గదరా కొడుకా, ఇంక తుడ్వలేదా?"